చూడడానికి వచ్చినవారికి చెప్పడం ఎలా?



సెలవుల్లో మనం కుటుంబంతో కలిసి జూకో, అభయారణ్యానికో, పక్షుల కేంద్రానికో వెళ్తాం. అక్కడ ఒక గైడు పది పదిహేను మందిని చుట్టూ నిలబెట్టుకొని ఏదో చెబుతూ ఉంటారు. ఒక గైడు చెబుతుంటే రెండో నిమిషానికే పిల్లలు పక్కకు జారుకుంటారు, పెద్దలు సెల్‌ఫోన్ తీస్తారు. ఇంకొకరు చెబుతుంటే అందరూ దగ్గరకు జరుగుతారు. ఇంటికి వచ్చాక కూడా భోజనాల దగ్గర ఆ మాటే వస్తుంది. ఇద్దరూ చదివిన చదువు ఒకటే, నిలబడిన చోటూ ఒకటే. మరి తేడా ఎక్కడ వచ్చింది? గొంతు బాగుండడం వల్లనో, చమత్కారం వల్లనో అనుకుంటాం. అది కొంతవరకే నిజం. అసలు తేడా ముందు రోజు ఇంట్లో కూర్చుని చేసుకున్న తయారీలో ఉంటుంది. ఆ తయారీ ఎవరైనా నేర్చుకోగలిగిందే.

నేను యానాంలో పుట్టి పెరిగినవాణ్ణి. చాలాకాలం జువాలజీ బోధించాను. కాకినాడ నుంచి యానాం వచ్చే దారిలో కోరంగి మడ అడవులు ఉన్నాయి. కాలేజీ బృందాలను, బెంగళూరు నుంచీ చెన్నై నుంచీ బరంపురం నుంచీ వచ్చే మన బంధువుల బృందాలను అక్కడికి తీసుకెళ్లి చూపించడం నాకు అలవాటు. కొందరు విద్యార్థులకు ఈ చెప్పే పనిలో శిక్షణ కూడా ఇచ్చాను. ఆ అనుభవంతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ పనికి ఒక పేరుంది

ఇంగ్లీషులో దీన్ని ఇంటర్‌ప్రిటేషన్ అంటారు. మామూలుగా ఆ మాటకు ఒక భాష నుంచి మరో భాషలోకి చెప్పడం అని అర్థం. ఇక్కడ చెట్టు భాషను, రాయి భాషను, పక్షి భాషను మనుషుల భాషలో చెప్పడం అన్నమాట. అమెరికాలో ఫ్రీమన్ టిల్డెన్ అనే రచయిత అక్కడి జాతీయ పార్కుల్లో ఈ పనిని గమనించి 1957లో ఒక పుస్తకం రాశారు. ఆయన చెప్పిన ఆరు సూత్రాలను ఇప్పటికీ ఈ రంగంలో పాఠంగా చెబుతారు. వాటి సారంలో మూడు సంగతులు మనకు ముఖ్యం. ఒకటి, సమాచారం ఒక్కటే ఇంటర్‌ప్రిటేషన్ కాదు. రెండు, చూపించే వస్తువుకు, చూసేవారి జీవితానికి సంబంధం కలపకపోతే ఆ మాట చెవి దాటి లోపలికి పోదు. మూడు, పిల్లలకు చెప్పడమంటే పెద్దలకు చెప్పేదాన్ని పల్చన చేసి చెప్పడం కాదు, దాని పద్ధతే వేరు.

ఆ తర్వాత శామ్ హామ్ అనే ఆచార్యుడు 1992లో రాసిన పుస్తకంలో మరో సంగతిని బాగా నొక్కి చెప్పారు. ప్రతి ప్రసంగానికీ ఒక అంశం మాత్రమే ఉంటే చాలదు, ఒక సందేశ వాక్యం ఉండాలి. ముఖ్యమైన విషయాలు ఐదుకు మించకూడదు. నిలబడి వింటున్న మనిషి అంతకంటే ఎక్కువ మోయలేడు.

ఇది మనకు కొత్త విద్య కాదు. హరికథ చెప్పే దాసుగారు ఎన్ని పిట్టకథలు చెప్పినా అసలు కథను వదలరు. ఏ పిట్టకథ ఎందుకు చెబుతున్నారో ఆయనకు తెలుసు. వినేవారిలో పిల్లలున్నారా, రైతులున్నారా చూసి దానికి తగ్గ పిట్టకథ ఎంచుకుంటారు. పార్కులో గైడు చేయవలసిందీ అదే.

ముందుగా ఒక్క వాక్యం

మీరు ఏం చెప్పబోతున్నారు అని నా విద్యార్థులను అడిగితే మొదట వచ్చే జవాబు "మడ అడవుల గురించి సార్" అని. అది అంశం. అంశానికి అంతు లేదు. ఎక్కడ మొదలు పెట్టాలో, ఎక్కడ ఆపాలో అది చెప్పదు. అందుకని నేను వారిని ఇంకో ప్రశ్న అడుగుతాను. "మీ మాట విన్న మనిషి వారం తర్వాత పక్కింటివారితో ఒకే ఒక వాక్యం చెప్పాలి. ఏం చెప్పాలని మీ కోరిక?"

అప్పుడు ఆలోచన మొదలవుతుంది. కోరంగి విషయంలో నేను ఎంచుకున్న వాక్యం ఇది: "ఈ చెట్లు ఉప్పుతో పడే పోరాటమే మన పళ్లెంలో చేపకు, మన ఊరి గట్టుకు అండ."

వాక్యం కుదిరితే సగం పని అయిపోయినట్టే. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో ఆ వాక్యమే చెబుతుంది. కోరంగి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఈ రెండు సంగతులూ నిజమే. కానీ నా వాక్యానికి అవి చేసే సాయం తక్కువ. ఎవరైనా అడిగితే చెబుతాను, అడగకపోతే వాటితో మొదలు పెట్టను. తేదీలతో, విస్తీర్ణంతో మొదలయ్యే ప్రసంగం బోర్డు చదివినట్టే ఉంటుంది. బోర్డు పక్కనే ఉంది, వారే చదువుకోగలరు.

దారిని ముందుగా ఒంటరిగా నడవాలి

వాక్యం కుదిరాక నోటుబుక్కు తీసుకొని ఆ దారిని ఒక్కరే నడవాలి. ఎక్కడెక్కడ నిలబడితే ఏమేం కనిపిస్తాయో రాసుకోవాలి. నిలబడిన చోటు నుంచి వేలు పెట్టి చూపించగలిగినదే మీ సాక్ష్యం. కనిపించని దాని గురించి ఎంత చెప్పినా అది క్లాసు పాఠం అవుతుంది. దాని కోసం అంత దూరం రానక్కరలేదు.

మా దగ్గర ఇంకో చిక్కు ఉంది. సముద్రపు పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, వచ్చే వేళ ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. పోటు ఎక్కినప్పుడు బురద, వేళ్లు, పీతలు అన్నీ నీటి కిందికి పోతాయి. నీరు తీసినప్పుడు అవన్నీ బయట పడతాయి. అమావాస్యకు, పౌర్ణమికి పోటు పెద్దది. కాబట్టి బృందం వచ్చే రోజు తిథి ఏమిటో ముందు పంచాంగంలో చూసుకుంటాను, ఆ పూట నీరు ఎప్పుడు తీస్తుందో మత్స్యకారులను అడుగుతాను. నీరు తీసిన వేళకు ఒక ప్రసంగం, పోటు వేళకు ఇంకో ప్రసంగం సిద్ధంగా ఉండాలి. మీ ఊరి పార్కులో పోటు ఉండకపోవచ్చు. కానీ ఉదయం కనిపించే పక్షి మధ్యాహ్నం కనిపించదు, వేసవిలో ఉన్న పువ్వు వానాకాలంలో ఉండదు. ఈ లెక్క అందరికీ వర్తిస్తుంది.

ఇరవై నిమిషాల నమూనా

నీరు తీసిన వేళ, చెక్క వంతెన బాట మీద, ఐదు చోట్ల ఆగే ప్రసంగాన్ని నమూనాగా ఇస్తున్నాను. దీన్ని బట్టీ పట్టవద్దు. ఎముకల గూడు ఎలా ఉందో మాత్రం చూడండి.

మొదటి ఆగుడు, మూడు నిమిషాలు. అందరూ వచ్చేవరకు ఆగి, నమస్కారం చెప్పి ఒక ప్రశ్న వేస్తాను. "మీ ఇంట్లో తులసి మొక్కకు రోజూ ఉప్పునీళ్లు పోస్తే ఏమవుతుంది?" చచ్చిపోతుందని చిన్నపిల్లలు కూడా చెబుతారు. "మరి ఈ చెట్లకు పుట్టినప్పటి నుంచీ ఉప్పునీళ్లే. ఇవి ఎలా బతుకుతున్నాయో, ఇవి బతకడం వల్ల మనకేమిటో ఈ ఇరవై నిమిషాల్లో చూద్దాం." ఇక్కడే నా సందేశ వాక్యాన్ని కూడా చెప్పేస్తాను. దాచిపెట్టి చివర చెబుదామనుకుంటే, మధ్యలో వెళ్లిపోయినవారికి అది దక్కదు.

రెండో ఆగుడు, నాలుగు నిమిషాలు. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి వచ్చిన వేళ్లు. వేరు కిందికి పోవాలి కదా, ఇవి పైకి ఎందుకు వచ్చాయి అని అడుగుతాను. ఈ బురదలో ప్రాణవాయువు దాదాపు ఉండదు. అందుకని మడ చెట్టు తన వేళ్లను పైకి పంపి, వాటి మీది సన్నని రంధ్రాల ద్వారా గాలి పీల్చుకుంటుంది. అందరినీ ఒక్కసారి ముక్కు మూసుకొని పది లెక్క పెట్టమంటాను. పోటు వచ్చి ఈ వేళ్లు మునిగిన ప్రతిసారీ ఆ చెట్టు పరిస్థితి కొంతవరకు అదే అని చెబుతాను. ఆపైన వివరణ అక్కరలేదు.

మూడో ఆగుడు, నాలుగు నిమిషాలు. తెల్లమడ ఆకు. లోపలికి వచ్చిన ఉప్పును ఈ చెట్టు ఆకుల మీది గ్రంథుల ద్వారా బయటికి పంపేస్తుంది. ఎండ పూట ఆకు మీద వేలు రాస్తే సన్నని తెల్లటి పొడి తగులుతుంది. ఆ పక్కనే కాలువ ఒడ్డున ఉప్పుపొన్న ఉంటే దాని మొలకలు చూపిస్తాను. విత్తనం చెట్టు మీద ఉండగానే మొలకెత్తి మునక్కాయలా వేలాడుతుంది. నేల ఇంత కష్టంగా ఉన్న చోట బిడ్డను కొంత పెంచి గాని తల్లి వదలదు అంటే అమ్మలందరికీ వెంటనే అర్థమవుతుంది. తిల్ల చెట్టును కూడా ఇక్కడే దూరం నుంచి చూపించి హెచ్చరిస్తాను. దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. గైడు చూపించని ఏ ఆకునూ తాకవద్దని చెప్పడానికి ఇంతకంటే మంచి కారణం దొరకదు.

నాలుగో ఆగుడు, నాలుగు నిమిషాలు. ఇప్పుడు మాటలు తగ్గించి అందరినీ ఒక నిమిషం కదలకుండా నిలబడమంటాను. మన అడుగుల చప్పుడుకు దాక్కున్నవన్నీ మెల్లగా బయటికి వస్తాయి. ఒక డెక్క మాత్రమే పెద్దదిగా ఉన్న మగ పీతలు, నీళ్లు లేకపోయినా బురదలో గెంతే చేపలు కనిపిస్తాయి. ఎవరో ఒక పిల్లవాడు "అదిగో" అంటాడు. ఆ "అదిగో" నా నోటి నుంచి కాకుండా వారి నోటి నుంచి రావాలి. రాలిన మడ ఆకు కుళ్లి ఈ చిన్న ప్రాణులకు తిండి అవుతుంది. రొయ్యపిల్లలు, చేపపిల్లలు ఈ వేళ్ల సందుల్లో దాక్కొని పెరిగి సముద్రంలోకి పోతాయి. వాటిలో కొన్ని మళ్లీ మన బజారుకు వస్తాయి. బావురుపిల్లి ఏదని ఎవరైనా తప్పక అడుగుతారు. అది చాలావరకు రాత్రి తిరిగే జంతువు. నీళ్లలో చేపలు పట్టి తినే ఆ పిల్లి ఈ అడవిలోనే ఉంది. బురద మీద దాని అడుగుల అచ్చు ఉంటే చూపిస్తాను. లేకపోతే, మనం ఇంటికి వెళ్లి పడుకున్నాక ఇదే గట్టున అది వేటకు బయలుదేరుతుందని చెబుతాను.

ఐదో ఆగుడు, ఐదు నిమిషాలు. కాలువ కనిపించే చోటు. ఆ కాలువ గోదావరిని, సముద్రాన్ని కలుపుతోంది. ఇక్కడ తుఫానుల మాట చెబుతాను. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు. ఇక్కడి నుంచి మనవాళ్లు రంగూన్‌కు వెళ్లారు. బర్మాలో తెలుగువారిని కోరంగీలు అనే పిలిచేవారు. 1789లో, 1839లో పెద్ద తుఫానులు ఈ రేవును ముంచాయి. సైక్లోన్ అనే మాటను 1848లో వాడుకలోకి తెచ్చిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో ఉండేవాడు. ఆయన పరిశీలించిన తుఫానుల్లో కోరంగి తుఫాను ఒకటి. అంటే ప్రపంచమంతా వాడే ఆ మాట వెనక మన ఊరి కన్నీళ్లు కూడా ఉన్నాయి. సముద్రం ఒడ్డున మడ ఎంత మందంగా ఉంటే ఉప్పెన నీటి జోరు అంత తగ్గుతుంది. ఒడిశాలో 1999 నాటి సూపర్ సైక్లోన్ మీద 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. కేంద్రాపడా జిల్లాలో ఊరికీ సముద్రానికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న గ్రామాల్లో మరణాలు తక్కువని అందులో తేలింది. ఇది చెప్పి, మొదటి వాక్యాన్నే మళ్లీ చెప్పి ఆపేస్తాను. అప్పటికి ఆ వాక్యంలోని ప్రతి మాటనూ వారు కళ్లారా చూసి ఉంటారు.

ఉన్నది ఉన్నట్టే చెప్పాలి

ఇక్కడ ఒక సంఘటన చెప్పాలి. కొన్నేళ్ల క్రితం వచ్చిన బృందంలో ఒక పెద్దాయన ఉన్నారు. కోనసీమలో పుట్టి, కొడుకుతో పాటు ముంబయిలో స్థిరపడినవారు. ఐదో చోట నేను తుఫానుల మాట చెప్పి ఆగగానే ఆయన అడిగారు: "ఈ చెట్లు మమ్మల్ని కాపాడాయంటారా మాస్టారూ? తొంభయ్యారులో మా తమ్ముడు వేటకెళ్లి తిరిగి రాలేదు."

1996 నవంబరు 6 రాత్రి కాకినాడ దిగువన తీరం దాటిన తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు. చేపల వేటకు వెళ్లి సముద్రంలోనే ఉండిపోయినవారు ఎందరో. కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. అది మా ప్రాంతంలో ఎవరూ మరిచిపోని రాత్రి.

నేను ఆయనతో ఇలా అన్నాను. "సముద్రంలో ఉన్నవారిని చెట్లు కాపాడలేవు బాబాయ్ గారూ. గాలిని కూడా ఆపలేవు. ఒడ్డుకు వచ్చే నీటి జోరును మాత్రం తగ్గిస్తాయి. అంతకు మించి నేను చెప్పడం లేదు." ఆయన తల ఊపారు. తర్వాత ఆ రాత్రి గురించి ఆయనే పది నిమిషాలు చెప్పారు. నా దగ్గర ఇంకా చెప్పవలసింది ఉన్నా నోరు మెదపలేదు. ఆ బృందంలోని పిల్లలకు ఆ రోజు నాకంటే ఆయనే పెద్ద గురువు.

చెప్పేవారికి ఇందులో రెండు పాఠాలున్నాయి. మొదటిది, మీ వాక్యంలో ప్రతి మాటనూ తూచి వాడాలి. "మడ తుఫానును ఆపేస్తుంది" అని అంటే వినడానికి బాగానే ఉంటుంది, కానీ ఆ పెద్దాయన ముందు ఆ మాట నిలబడదు. 1839 తుఫానులో మూడు లక్షల మంది పోయారని చాలా చోట్ల రాస్తారు. ఆ అంకెను పరిశోధకులు అనుమానిస్తున్నారు. కాబట్టి నేను దాన్ని వాడను. రెండోది, మీ ముందు నిలబడినవారు ఖాళీ కుండలు కారు. వారి అనుభవం బయటికి వచ్చినప్పుడు మీ ప్రసంగం పక్కకు జరగాలి. అయితే అలాంటి బాధను ప్రశ్నలు వేసి బయటికి లాగకూడదు. "మీలో ఎవరింట్లో ఎవరు పోయారు?" అని ఎన్నడూ అడగవద్దు. వారంతట వారు చెబితే వినాలి.

నిలబడే తీరు, మాట్లాడే తీరు

ఈ సంగతులు చిన్నవే గాని ప్రసంగాన్ని నిలబెట్టేవీ, పడగొట్టేవీ ఇవే.

1. ఎండ మీ ముఖం మీద పడేలా మీరు నిలబడండి. వినేవారి కళ్లలో ఎండ పడితే వారు మీ మాట వినరు.

2. నడుస్తూ చెప్పవద్దు. ముందున్న ఇద్దరికి తప్ప ఎవరికీ వినబడదు. అందరిలో చివర నడిచే ముసలమ్మ వచ్చి నిలబడ్డాకే నోరు తెరవండి. కబురు ఆమె కోసమే అన్నట్టు, వెనక వరుసకు వినబడేలా చెప్పండి.

3. చెట్టు వైపు తిరిగి చెట్టుకు పాఠం చెప్పవద్దు. ముందు చూపించండి, ఆ తర్వాత వారి వైపు తిరిగి మాట్లాడండి.

4. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రమే కంఠస్థం చేయండి. మధ్యలోవి మీ మాటల్లో రావాలి. మొత్తం బట్టీ పడితే ఒక్క ప్రశ్నకే దారం తెగుతుంది.

5. శాస్త్రీయ నామాలు అడిగినవారికే చెప్పండి. అందరికీ తెలిసిన పేరు, ఆ పేరు వెనక సంగతి చాలు.

6. తెలియని ప్రశ్న వస్తే "నాకు తెలియదు, కనుక్కుంటాను" అనండి. పక్కన పడవ నడిపే అన్న ఉంటే ఆయన్ను అడగండి. చాలాసార్లు ఆయనకు తెలుస్తుంది. స్థానికులను అందరి ముందు గౌరవించినట్టూ అవుతుంది.

7. పిల్లలకు ఒక పని అప్పగించండి. "ఎర్రగా పండిన ఆకు ఎక్కడుందో కనిపెట్టు" అంటే చాలు. అల్లరి చేసే పిల్లవాడే మంచి సహాయకుడు అవుతాడు.

8. చెత్త వేయవద్దని మొదట్లోనే దబాయించవద్దు. వచ్చినవారు అతిథులు. పీతలను, రొయ్యపిల్లలను చూపించాక, వేళ్లకు చుట్టుకున్న ఒక ప్లాస్టిక్ సంచిని చూపించండి. మీరు చెప్పకముందే వారు అర్థం చేసుకుంటారు.

మన పిల్లలకు ఉన్న బలం

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో, పుస్తకాల్లో ఇంగ్లీషు. మన పిల్లలు రెండు పడవల మీద కాళ్లు పెట్టారని తల్లిదండ్రులు బాధపడడం నేను చూశాను. ఈ పనిలో అదే పెట్టుబడి. ఒక చింతచెట్టు కింద నిలబడి, తమిళులకు పుళి అని, కన్నడిగులకు హుణసె అని, ఒడియావారికి తెంతుళి అని, మరాఠీవారికి చించ అని చెప్పగలిగితే ప్రతి కుటుంబమూ ఇది మా చెట్టే అనుకుంటుంది. చూసేవారి జీవితంతో సంబంధం కలపాలని టిల్డెన్ అన్నది ఇదే. అయితే ఒకే వాక్యంలో మూడు భాషలు కలపవద్దు. బృందంలో ఎక్కువ మందికి వచ్చిన భాషలో చెప్పి, మిగిలినవారికి ఆగిన ప్రతిచోటా సారాంశం చెప్పండి.

మీరున్న చోటే సామగ్రి కూడా ఉంది. చెన్నైలో గిండీ జాతీయ పార్కు 2.7 చదరపు కిలోమీటర్లే, కానీ మహానగరం నడుమ కృష్ణజింకలు బతుకుతున్న చోటు అది. ముంబయిలో సంజయ్ గాంధీ జాతీయ పార్కులో చిరుతలున్నాయని అందరికీ తెలుసు. నగరానికి తాగునీరు ఇచ్చే విహార్, తులసి చెరువులకు నీరు చేరేది ఈ అడవి కొండల మీది నుంచేనని ఎందరికి తెలుసు? "మీ ఇంటి కుళాయి ఈ అడవిలో మొదలవుతుంది" అనేది ఎంత మంచి సందేశ వాక్యమో చూడండి. గంజాం జిల్లాలో రుషికుల్య నది కలిసే తీరాన సముద్రపు తాబేళ్లు వేల సంఖ్యలో వచ్చి గుడ్లు పెడతాయి. పిల్లలు వెలుగును చూసి సముద్రం వైపు నడుస్తాయి. ఒడ్డున మన దీపాలు వాటికి దారి తప్పిస్తాయి. చిదంబరం దగ్గర పిచ్చవరం, ఒడిశాలో భితరకనిక మా కోరంగికి అక్కచెల్లెళ్లు. బెంగళూరువారికి బన్నేరుఘట్ట ఉంది.

తల్లిదండ్రులకు ఒక మాట

"చదివించింది గైడు పని చేయడానికా?" అని ఒక తండ్రి నన్ను సూటిగా అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. నిజం చెప్పాలంటే చాలా చోట్ల ఈ పని సీజనును బట్టి ఉంటుంది, రాబడి పెద్దది కాదు. అటవీ శాఖ పర్యాటక కేంద్రాల్లో, జూలలో, మ్యూజియంలలో, పర్యావరణ సంస్థల్లో అవకాశాలు ఉంటాయి గాని ఎవరూ ఇంటికి తెచ్చి ఇవ్వరు. అక్కడి నోటీసులు కనుక్కుంటూ ఉండాలి. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, చరిత్ర, టూరిజం చదివేవారు డిగ్రీలో ఉండగానే సెలవుల్లో కొన్నాళ్లు ఈ పని చేస్తే మంచిది. పది రకాల మనుషుల ముందు నిలబడి, ఒక కష్టమైన విషయాన్ని ఇరవై నిమిషాల్లో విడమరచి చెప్పగలిగిన పిల్లకు ఉపాధ్యాయ ఉద్యోగంలోనైనా, ఇంటర్వ్యూలోనైనా గొంతు వణకదు.

ఇంకో కారణం కూడా ఉంది. మడ అడవులను వంటచెరకు కోసం కొట్టారు, రొయ్యల చెరువుల కోసం తవ్వారు. దెబ్బతిన్న చోట్ల చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీటిని లోపలికి పారించి మళ్లీ పెంచిన చోట్లూ ఉన్నాయి. ఏది కొట్టాలో ఏది నిలపాలో రేపు నిర్ణయించేది ఇవాళ చూడడానికి వచ్చే జనమే. వారు ఇక్కడ గడిపేది ఒక పూట. ఆ పూటలో వారి ముందు నిలబడి చెప్పేవారు లేకపోతే, వారు చూసి వెళ్లేది ఉత్త బురద.

ఇంట్లో చేయవలసిన అభ్యాసం

అడవి దాకా వెళ్లనక్కరలేదు. మీ వీధిలో ఒక చెట్టును ఎంచుకోండి. వారం రోజులు పొద్దున, సాయంత్రం చూడండి. ఎవరు దాని నీడన కూర్చుంటున్నారు, ఏ పక్షి వస్తోంది, ఎప్పుడు ఆకు రాలుస్తోంది రాసుకోండి. ఆ వీధిలో పాతకాలం నుంచి ఉన్నవారిని దాని గురించి అడగండి. ఆ తర్వాత ఒక్క సందేశ వాక్యం రాయండి. దానికి మూడు సాక్ష్యాలు ఎంచుకోండి, మూడూ అక్కడ నిలబడి చూపించగలిగినవి కావాలి. ఐదు నిమిషాలకు సరిపడేలా సిద్ధం చేసి, మీ నాయనమ్మనో అమ్మమ్మనో, ఒక చిన్న పిల్లవాణ్ణో అక్కడికి తీసుకెళ్లి చెప్పండి. మర్నాడు "నిన్న నేనేం చెప్పాను?" అని అడగండి. వారు మీ వాక్యాన్ని తమ మాటల్లో చెప్పగలిగితే మీ ప్రసంగం కుదిరింది. చెట్టు పేరు మాత్రమే గుర్తుంటే వాక్యాన్ని మార్చి మళ్లీ ప్రయత్నించండి. రెండు మూడు సార్లు మార్చవలసి రావడం మామూలే.

ఈ సెలవుల్లో కాకినాడ, యానాం వైపు వచ్చేవారు కోరంగిని తప్పక చూడండి. నీరు తీసే వేళ కనుక్కొని రండి.